కుటుంబంతో దీవులకు ఓడ ప్రయాణం: కడప, కర్నూలు, అనంతపురం వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

సముద్రం చూడాలంటే కడప, కర్నూలు, అనంతపురం వాళ్ళు ఎటు వెళ్ళినా జిల్లాలు దాటాల్సిందే. అందుకేనేమో, ఒక్కసారైనా ఇంటిల్లిపాదీ ఓడ ఎక్కి దీవులకు వెళ్ళాలన్న కోరిక మనవాళ్ళలో గట్టిగా ఉంటుంది. కడపలో టికెట్లు, ప్రయాణ ఏర్పాట్లు చూసే పనిలో ఉన్నందువల్ల ఈ కోరికతో వచ్చే కుటుంబాలను తరచుగా కలుస్తుంటాను. వాళ్ళు పదే పదే అడిగే ప్రశ్నలు, నేను చెప్పే జవాబులు ఇవి.

అన్నిటికన్నా ముందు ఏమి తేల్చుకోవాలి?

మీకు ఓడ కావాలా, దీవి కావాలా అన్నది. రెండూ ఒకటే అనుకుని డబ్బు కట్టి, తిరిగి వచ్చాక నొచ్చుకునే కుటుంబాలు ఉన్నాయి. పెద్ద విహార నౌకలో వెళ్ళడమంటే నీటి మీద తేలే హోటల్లో సెలవులు గడపడమే. ఈత కొలను, ప్రదర్శనలు, పిల్లల ఆటస్థలం, పొద్దున్నుంచి రాత్రి వరకు భోజనాలు అన్నీ ఓడలోనే. దీవి దగ్గర ఆగేది సాధారణంగా ఒక్క పగలు. దిగడానికి, మళ్ళీ ఎక్కడానికి వరుసల్లో నిలబడే సమయం తీసేస్తే నేల మీద మిగిలేది కొన్ని గంటలే. సింగపూర్ నుంచి బయలుదేరే కొన్ని ప్రయాణాలైతే ఏ రేవులోనూ ఆగవు. ప్రకటన మీద కొబ్బరిచెట్లు, నీలపు నీళ్ళు చూసి నిర్ణయించకండి. ఏ రోజు ఏ రేవుకు ఎన్ని గంటలకు చేరుతుంది, ఎన్ని గంటలకు వదులుతుంది అనే పట్టిక అడిగి తీసుకుని చదవండి.

ఇసుకలో కూర్చోవాలి, పగడపు దిబ్బలు చూడాలి అనుకుంటే లక్షద్వీప్, అండమాన్ వైపు చూడండి. ఇంట్లో ఆడవాళ్ళకు నాలుగు రోజులు వంట పని తప్పాలి, పెద్దలూ పిల్లలూ ఒకేచోట ఉండాలి అనుకుంటే పెద్ద ఓడ మంచిది. ఏది ఎంచుకున్నా, ఇంట్లో అందరికన్నా ఒంట్లో ఓపిక తక్కువ ఉన్న మనిషిని దృష్టిలో పెట్టుకుని ఎంచుకోండి. అవ్వకో, పసిబిడ్డకో కుదరని ప్రయాణం ఎవరికీ సంతోషం ఇవ్వదు.

మనకు అందుబాటులో ఉన్న దారులు ఏవి?

లక్షద్వీప్‌కు కొచ్చి నుంచి ఓడ. అక్కడి ప్రభుత్వ పర్యాటక విభాగం నడిపే ‘సముద్రం’ ప్యాకేజీలో ఎం.వి. కవరత్తి ఓడ మీద కవరత్తి, కల్పేని, మినికాయ్ దీవులు చూపిస్తారు. రాత్రి పడక ఓడలో, పగలంతా దీవిలో. దీవి కావాలనే కుటుంబాలకు నేను మొదట చెప్పేది దీని గురించే. మొత్తం 36 దీవుల్లో జనం ఉండేవి 10 మాత్రమే, అన్నీ కలిపినా నేల 32 చదరపు కిలోమీటర్లు. మినికాయ్‌లో 1885లో కట్టిన దీపస్తంభం ఉంది. దాని మీద నుంచి చూస్తే దీవి చుట్టూ పగడపు దిబ్బ, లోపల లేత నీలపు నీరు, బయట ముదురు సముద్రం విడివిడిగా కనిపిస్తాయి. మిగిలిన దీవుల్లో మలయాళం మాట్లాడితే మినికాయ్‌లో మహల్ అనే వేరే భాష మాట్లాడతారు.

అండమాన్‌కు చెన్నై నుంచి, విశాఖపట్నం నుంచి ప్రయాణికుల ఓడలు ఉన్నాయి. చెన్నై నుంచి దాదాపు రెండున్నర, మూడు రోజులు పడుతుంది. ఇది విహార నౌక కాదు, దీవుల జనం రాకపోకలకు నడిపే ఓడ. క్యాంటీన్ భోజనం, సాదా పడకలు. పిల్లలతో, పెద్దలతో వెళ్ళేవాళ్ళకు నా సలహా ఏమిటంటే చెన్నై నుంచి విమానంలో వెళ్ళి, ఓడ సరదా దీవుల మధ్య తీర్చుకోండి. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురంగా మారింది. అక్కడి నుంచి స్వరాజ్ ద్వీప్‌కు, అంటే పాత హావ్‌లాక్‌కు, ప్రైవేటు ఓడలో రెండు గంటల లోపు ప్రయాణం. అండమాన్‌లో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు, కాబట్టి భాష తెలియని పెద్దలకు కూడా అక్కడ బెరుకు ఉండదు. సెల్యులార్ జైలుకు సోమవారం సెలవు అని గుర్తుపెట్టుకోండి.

శ్రీలంకకు చెన్నై నుంచి విహార నౌక ప్రయాణాలు 2023 జూన్‌లో మొదలయ్యాయి. హంబన్‌టోట, త్రిన్కోమలి, కాంకేసంతురై రేవుల మీదుగా వెళ్ళేలా ఏర్పాటు చేశారు. ఆ ఓడ ముంబయి, కొచ్చి వైపు కూడా తిరుగుతుంటుంది. ఏ కాలంలో ఏ రేవు నుంచి నడుస్తుందో మారుతుంటుంది కాబట్టి సెలవుల తేదీలు ఖాయం చేసే ముందే చూసుకోవాలి.

ఇక సింగపూర్. పెద్ద ఓడలన్నీ అక్కడి నుంచే. పెనాంగ్, లంకావి, ఫుకెట్ దీవుల వైపు మూడు నుంచి ఐదు రాత్రుల ప్రయాణాలు దొరుకుతాయి.

మన ఊళ్ళ నుంచి రేవుకు ఎలా చేరాలి?

కడప వాళ్ళకు చెన్నై దగ్గర. రాజంపేట, కోడూరు, రేణిగుంట మీదుగా రైలు ఉంది. కొచ్చికి వెళ్ళాలంటే పుణె–కన్యాకుమారి ఎక్స్‌ప్రెస్ గుంతకల్లు, కడప మీదుగా ఎర్నాకుళం చేరుతుంది. అనంతపురం వాళ్ళకు బెంగళూరు విమానాశ్రయం పెద్ద వరం. దేవనహళ్ళి 44వ జాతీయ రహదారి మీదే, బెంగళూరుకు ఇటువైపే ఉంది కాబట్టి నగరంలోకి వెళ్ళే పనే లేదు. కర్నూలు వాళ్ళు హైదరాబాద్ వెళ్ళడం మేలు.

ఏ ఊరి వాళ్ళైనా ఓడ బయలుదేరే ముందు రోజుకే రేవు ఉన్న ఊరికి చేరండి. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను. రైలు నాలుగు గంటలు ఆలస్యమైతే ఓడ ఆగదు, కట్టిన డబ్బు తిరిగి రాదు. ఒక రాత్రి హోటల్ ఖర్చుకు వెనుకాడి మొత్తం ప్రయాణాన్ని పణంగా పెట్టకూడదు.

ఏ నెలల్లో వెళ్ళడం మంచిది?

లక్షద్వీప్ వైపు నైరుతి రుతుపవనాల కాలంలో, అంటే దాదాపు మే నడిమి నుంచి సెప్టెంబరు నడిమి వరకు, పర్యాటక ఓడలు నడపరు. మన పిల్లల వేసవి సెలవుల్లో ఎక్కువ భాగం ఆ కాలంలోనే పోతుంది. అందుకే సంక్రాంతి సెలవులు లక్షద్వీప్‌కు చక్కగా సరిపోతాయి. అండమాన్‌కు జనవరి నుంచి ఏప్రిల్ వరకు సముద్రం నెమ్మదిగా ఉంటుంది. బంగాళాఖాతంలో తుపానులు ఎక్కువగా వచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, మళ్ళీ మే నెలలో.

వేసవి సెలవులు తప్ప వేరే వీలు లేదంటే సింగపూర్ ప్రయాణం చూడండి. పెనాంగ్ వైపు ఓడ వెళ్ళే మలక్కా జలసంధికి ఒక పక్క సుమత్రా దీవి, మరో పక్క మలయా ద్వీపకల్పం అడ్డుగా ఉంటాయి. మహాసముద్రపు పెద్ద అలలు అంతగా లోపలికి రావు. ఫుకెట్ మాత్రం అండమాన్ సముద్రం వైపు తెరుచుకుని ఉంటుంది. మే నుంచి అక్టోబరు వరకు అక్కడ అలలు పెద్దవి, ఎర్రజెండా కట్టిన చోట నీళ్ళలోకి దిగకూడదు.

మా అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు. తీసుకువెళ్ళవచ్చా?

పెద్ద ఓడలో తప్పకుండా తీసుకువెళ్ళవచ్చు. లిఫ్టులు ఉంటాయి, ముందుగా చెబితే చక్రాల కుర్చీ ఏర్పాటు చేస్తారు. లిఫ్టుకు దగ్గరగా ఉండే గది అడగండి. స్నానాల గదిలో గడప ఎత్తుగా ఉంటుంది, నేల చిన్నగా ఉంటుంది, పట్టుకోవడానికి కడ్డీ ఉన్న గది కావాలని బుక్ చేసేటప్పుడే చెప్పండి.

ఇబ్బంది అంతా చిన్న పడవల దగ్గర. కొన్ని దీవుల దగ్గర ఓడ రేవుకు ఆనదు. లోతైన నీటిలోనే లంగరు వేస్తుంది, ప్రయాణికులను చిన్న పడవల్లోకి దించి ఒడ్డుకు చేరుస్తారు. లక్షద్వీప్‌లో చాలాచోట్ల ఇదే పద్ధతి. ఓడ పక్కన తలుపు తెరుస్తారు. కింద పడవ అలతో పాటు అడుగు పైకి లేస్తుంది, అడుగు కిందికి జారుతుంది. పడవవాళ్ళు ఇద్దరు మీ రెండు చేతులూ మోచేతుల దగ్గర పట్టుకుంటారు. పడవ పైకి వచ్చిన క్షణంలో అడుగు వేయమంటారు. అప్పుడు వేసేయాలి, ఒక కాలు ఇటు, ఒక కాలు అటు పెట్టి తటపటాయిస్తేనే ప్రమాదం. చీర కుచ్చెళ్ళు కాలికి అడ్డం పడతాయి కాబట్టి ఆ పూటకు పెద్దవాళ్ళైనా సరే చుడీదారు వేసుకోవడం మంచిదని నేను నిర్మొహమాటంగా చెబుతాను. చేతిలో సంచి, ఫోను ఉండకూడదు.

మెట్లు ఎక్కడానికే ఇబ్బంది పడే పెద్దలను లక్షద్వీప్ ఓడ ఎక్కించవద్దు. వాళ్ళతో అండమాన్‌కు విమానంలో వెళ్ళండి, లేదా రేవు గోడకు ఆనుకుని ఆగే ప్రయాణాన్ని సింగపూర్ నుంచి ఎంచుకోండి. ‘ఈ రేవులో ఓడ ఒడ్డుకు ఆనుతుందా, చిన్న పడవల్లో దించుతారా?’ అని ప్రతి రేవు గురించీ అడగండి.

బీపీ, షుగరు మాత్రలు అట్టలతో సహా, డాక్టరు చీటీతో చేతి సంచిలోనే పెట్టుకోండి. ఓడ ఎక్కేటప్పుడు తీసుకున్న పెద్ద పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు.

ఓడలో వాంతులు అవుతాయని భయం. ఏమి చేయాలి?

తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు ఎక్కితే కడుపులో తిప్పే వాళ్ళకు ఓడలోనూ తిప్పే అవకాశం ఎక్కువ. దీన్ని బట్టి మీ ఇంట్లో ఎవరు జాగ్రత్తపడాలో ముందే తెలిసిపోతుంది. కారణం మన లోపలి చెవిలో ఉంది. ఒళ్ళు ఊగుతోందని చెవి చెబుతుంది, గది కదలడం లేదని కళ్ళు చెబుతాయి. ఈ పొంతన లేకపోవడం వల్లే వికారం. కాబట్టి గదిలో ముడుచుకుని పడుకోకుండా పైకి వచ్చి, గాలి తగిలే చోట నిలబడి, దూరంగా ఆకాశం సముద్రాన్ని కలిసే గీతను చూడాలి. పుస్తకం, ఫోను చూడకూడదు.

గది ఎంచుకునేటప్పుడు ఓడ నడిమి భాగంలో, కింది అంతస్తుల్లో తీసుకోండి. ఊగడం అక్కడే తక్కువ. ముందు కొసన, పై అంతస్తులో ఉండే బాల్కనీ గది ఖరీదు ఎక్కువైనా ఊపూ ఎక్కువే. కడుపు ఖాళీగా ఉంచితే వికారం పెరుగుతుంది. ఇడ్లీ, బ్రెడ్డు, అరటిపండు లాంటివి కొద్దికొద్దిగా తినాలి. అల్లం ముక్క కొందరికి బాగా పనిచేస్తుంది. మాత్రలు వికారం మొదలయ్యాక కాదు, అరగంటో గంటో ముందే వేసుకోవాలి. ఏ మాత్ర, ఎంత అన్నది ఇక్కడే డాక్టరును అడిగి తెలుసుకోండి. పిల్లలకు మాత్రం సొంతంగా వేయవద్దు. వాంతుల మందుల్లో వాడే ప్రోమెథజైన్ రెండేళ్ళ లోపు పిల్లలకు అసలు ఇవ్వకూడదు.

ఓడ ఎంత పెద్దదైతే అంత తక్కువ ఊగుతుంది. చాలామందికి మొదటి రాత్రే కష్టం, తరువాత ఒళ్ళు అలవాటు పడుతుంది.

ఓడలో మన భోజనం దొరుకుతుందా? ఊరగాయ, రైస్ కుక్కర్ తీసుకుపోవచ్చా?

చెన్నై, కొచ్చి నుంచి వెళ్ళే ఓడల్లో మన తిండే. సింగపూర్ నుంచి నడిచే పెద్ద ఓడల్లో మన దేశం నుంచి వెళ్ళేవాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి అన్నం, పప్పు, రొట్టె, శాకాహారపు కూరలు దొరుకుతాయి. సంగటి, ఉగ్గాని, జొన్నరొట్టె ఆశించకండి. కారం మన నాలుకకు చాలదు. ఉల్లి, వెల్లుల్లి లేని భోజనం కావాలంటే బుక్ చేసేటప్పుడే రాయించాలి.

రైస్ కుక్కర్, నీళ్ళు కాచే కెటిల్, ఇస్త్రీ పెట్టె ఓడలో నిషేధం. సముద్రం మధ్య నిప్పు అంటుకుంటే పారిపోయే చోటు ఉండదు, అందుకే వీటి మీద అంత కట్టుదిట్టం. తనిఖీలో దొరికితే తీసి పక్కన పెట్టి చివరి రోజు ఇస్తారు. ఇంట్లో చేసిన తినుబండారాలను చాలా నౌకలు అనుమతించవు, సీలు వేసిన కంపెనీ ప్యాకెట్లకు సాధారణంగా అడ్డు చెప్పవు. ఊరగాయ కావాలంటే చిన్న ప్యాకెట్లు కొనుక్కోండి. వేరుశనగ పొడి ప్యాకెట్టు ఒకటి ఉంటే పిల్లల భోజనం గురించి బెంగ ఉండదు.

సింగపూర్ వెళ్ళేవాళ్ళు ఇది జాగ్రత్తగా చదవాలి. గసగసాలు అక్కడ నిషిద్ధ వస్తువు, మత్తుపదార్థాల చట్టం కిందికి వస్తాయి. మన ఇళ్ళలో కొట్టుకునే మసాలా పొడుల్లో గసగసాలు ఉండడం మామూలే. అక్కడ ఉన్న కూతురికి ఇవ్వాలని అమ్మ ఆప్యాయంగా కట్టి ఇచ్చిన పొట్లమైనా సరే, పెట్టెలో పెట్టవద్దు. గుట్కా, నమిలే పొగాకు, ఈ-సిగరెట్లు, చూయింగ్ గమ్ కూడా అంతే. దగ్గు మందులు, నిద్రమాత్రల్లో కొన్నింటికి ముందస్తు అనుమతి ఉండాలి.

భోజనశాలకు వెళ్ళే ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి. ఓడల్లో వాంతులు, విరేచనాలు వ్యాపింపజేసే నోరోవైరస్ శానిటైజర్‌కు సరిగా లొంగదు.

పసిపిల్లలను, గర్భిణులను అనుమతిస్తారా?

చాలా విహార నౌకలు ఆరు నెలలు నిండని బిడ్డను ఎక్కించుకోవు. దూర ప్రయాణాలకు ఏడాది నిండాలి. ప్రయాణం పూర్తయ్యేలోగా 24వ వారంలోకి వచ్చే గర్భిణులను కూడా ఎక్కించుకోవు. అంతకు ముందు నెలల్లో వెళ్ళేవాళ్ళు డాక్టరు పత్రం తీసుకోవాలి. పిల్లల ఆటశాలల్లో సాధారణంగా మూడేళ్ళు నిండినవాళ్ళనే విడిగా వదిలి వెళ్ళవచ్చు.

మాలో ఎవరికీ ఈత రాదు. దీవికి వెళ్ళి లాభమేమిటి?

లాభం చాలా ఉంది. లక్షద్వీప్ దీవుల చుట్టూ పగడపు దిబ్బ గోడలా అడ్డుగా ఉండి పెద్ద అలలను బయటే ఆపుతుంది. లోపలి నీరు నెమ్మదిగా, అడుగు కనిపించేంత తేటగా ఉంటుంది. లైఫ్ జాకెట్ కట్టుకుని, ముఖానికి అద్దం పెట్టుకుని, నీటి మీద బోర్లా తేలుతూ కిందకు చూస్తే చాలు, చేపలు గుంపులుగా కనిపిస్తాయి. నీళ్ళలోకి దిగడం ఇష్టం లేని వాళ్ళకు అడుగున అద్దం బిగించిన పడవలు ఉన్నాయి. జాకెట్ బెల్టులు మూడూ బిగించారో లేదో పిల్లల దగ్గర మీరే చూడండి. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే జాకెట్ గడ్డం దాటి రాకూడదు.

పగడాల మీద నిలబడకండి. అవి ప్రాణమున్నవి. తొక్కితే చచ్చిపోతాయి, మన కాలూ కోసుకుపోతుంది.

ఓడలోని ఈత కొలనుల దగ్గర అన్నిచోట్లా కాపలా మనిషి ఉండడు. పిల్లలు నీళ్ళలో ఉన్నంతసేపూ పెద్దవాళ్ళు ఒకరు ఫోను పక్కన పెట్టి కూర్చోవాలి.

ఖర్చు ఎలా లెక్క వేసుకోవాలి?

ప్రకటనలో కనిపించే ధర ఒక గదిలో ఇద్దరు ఉంటే ఒక్కొక్కరికి అయ్యేది. దాని మీద రేవు పన్నులు, రోజుకు మనిషికి ఇంత అని సిబ్బందికి ఇచ్చే మొత్తం, ఇంటర్నెట్, శీతల పానీయాలు, దీవుల్లో తిప్పే బస్సు, ఇవన్నీ వేరుగా వచ్చి చేరతాయి. అదే గదిలో మూడో, నాలుగో మనిషికి ధర తక్కువ. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటికి నలుగురి గది ఒకటి తీసుకుంటే కలిసివస్తుంది. అమ్మానాన్నలతో కలిసి ఆరుగురైతే పక్కపక్క గదులు అడగండి. కిటికీ లేని లోపలి గది అన్నిటికన్నా చవక. పగలంతా బయటే గడుపుతారు కాబట్టి నాకు అందులో తప్పేమీ కనిపించదు, ఇరుకు గదిలో భయపడేవాళ్ళు మాత్రం దాన్ని తీసుకోకూడదు.

విదేశీ ప్యాకేజీ కొంటే టీసీఎస్ పన్ను ముందుగా వసూలు చేస్తారు. ఆదాయపు పన్ను రిటర్ను వేసేటప్పుడు అది మీ ఖాతాకు జమ అవుతుంది, రసీదు పారేయకండి.

ప్రయాణ బీమా మాత్రం వదులుకోవద్దు. ఓడలోని డాక్టరు ఫీజు భారీగా ఉంటుంది, ఓడ నుంచి ఆసుపత్రికి తరలించాల్సి వస్తే ఆ ఖర్చు ఏ మధ్యతరగతి ఇల్లూ తట్టుకోలేదు. అత్యవసర తరలింపు కవరు అయ్యే పాలసీనే తీసుకోండి. షుగరు, గుండె జబ్బు ఉంటే దాచకుండా రాయండి.

ఏ పత్రాలు కావాలి?

లక్షద్వీప్‌కు పాస్‌పోర్టు అక్కరలేదు, ప్రవేశ అనుమతి తప్పనిసరి. ప్యాకేజీలో వెళితే నిర్వాహకులే తీసుకుంటారు. అండమాన్‌లో పర్యాటకులు మామూలుగా వెళ్ళే దీవులకు మన దేశస్థులకు ప్రత్యేక అనుమతి అవసరం లేదు, ఆధార్ చాలు.

విదేశాలకు ఒడిలోని బిడ్డతో సహా ప్రతి ఒక్కరికీ పాస్‌పోర్టు ఉండాలి. ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. పెద్దలకు 36 పేజీల పుస్తకానికి ఫీజు 1,500 రూపాయలు, పిల్లలకు 1,000. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్ళకే గడువు తీరుతుంది, పెద్దవాళ్ళది ఉంది కదా అని ఇది చూడకుండా వదిలేస్తారు. పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఒకలా, పదో తరగతి పత్రంలో ఇంకోలా ఉంటే ముందు అది సరిచేయించండి, ఆలస్యం ఎక్కువగా అక్కడే.

సింగపూర్ నుంచి ఓడ ఎక్కి తిరిగి సింగపూర్‌లో దిగితే అది రెండోసారి ప్రవేశం కింద లెక్క. ఒక్కసారికి మించి ప్రవేశం ఇచ్చే వీసా ఉందో లేదో చూసుకోండి. ఓడ ఆగే ప్రతి దేశం నిబంధనలూ టికెట్ కొనే ముందే ఆ ప్రభుత్వ వెబ్‌సైటులో చదవండి.

నగలు వేసుకుపోవచ్చా?

హారాలు, వడ్డాణాలు ఇంట్లోనో, బ్యాంకు లాకరులోనో ఉంచండి. విలువైనవి తీసుకుపోక తప్పకపోతే, వెళ్ళేటప్పుడే విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్ళ దగ్గర పత్రం రాయించుకోండి. తిరిగి వచ్చేటప్పుడు అవి అక్కడ కొన్నవి కావని చెప్పడానికి అదే ఆధారం.

ఫోను పనిచేస్తుందా?

తీరం దాటాక మామూలు సిగ్నల్ ఉండదు. ఓడలో ఉండే ఉపగ్రహ నెట్‌వర్క్‌కు ఫోను తనంతట తాను కలిస్తే బిల్లు వేలల్లో వస్తుంది. ఓడ కదలగానే అందరి ఫోన్లూ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, కావాలంటే ఓడ వైఫై కొనుక్కోండి. ఇంటి దగ్గర వాళ్ళకు ‘రెండు రోజులు ఫోను కలవకపోవచ్చు’ అని ముందే చెప్పి వెళ్ళండి.

దీవిలో దిగి ఆలస్యమైతే ఓడ ఆగుతుందా?

ఓడవాళ్ళు ఏర్పాటు చేసిన బస్సులో వెళ్ళి ఆలస్యమైతే ఆగుతుంది. సొంతంగా టాక్సీ మాట్లాడుకుని వెళితే ఆగదు. ఓడ గడియారం, ఆ దేశపు గడియారం వేరుగా ఉండవచ్చు. సింగపూర్‌కూ థాయ్‌లాండ్‌కూ గంట తేడా. దిగేటప్పుడు తలుపు దగ్గర రాసిపెట్టిన సమయాన్ని ఫోటో తీసుకోండి, ఆ సమయానికి గంట ముందే రేవులో ఉండండి.

ఓడ మునుగుతుందేమోనని పెద్దవాళ్ళు భయపడుతున్నారు.

1912లో టైటానిక్ మునిగాక 1914లో కొన్ని దేశాలు కలిసి ఓడల భద్రతకు ఒప్పందం రాసుకున్నాయి. దాన్ని సవరించుకుంటూ నేటికీ పాటిస్తున్నారు. ఓడ ఎక్కిన రోజే ప్రతి ఒక్కరికీ ఆపద సమయంలో ఎక్కడ చేరాలో చూపిస్తారు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే అక్కడికి వెళ్ళాలి. ఇది తప్పించుకుని గదిలో కూర్చోవద్దు. అవ్వా తాతలను కూడా తీసుకెళ్ళి, దారి వాళ్ళ కాళ్ళతో నడిపించి చూపించండి. పిల్లల సైజు జాకెట్ గదిలో లేకపోతే ఆ రోజే అడిగి తెప్పించుకోండి.

గవ్వలు, పగడాలు తెచ్చుకోవచ్చా?

పగడాలు తేకూడదు. ఒడ్డున విరిగి పడినవైనా సరే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. కొన్ని రకాల శంఖాలు, గవ్వలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. పిల్లలు జేబుల్లో వేసుకుంటారు, ఓడ ఎక్కే ముందు ఒకసారి జేబులు చూడండి.